ఇంట్లో కష్టం వచ్చినా డాక్యుమెంటరీ పని ఆగిపోకుండా ఎలా చూసుకోవాలి

పెళ్లి ఫోటోలు నా బతుకుతెరువు. మిగిలిన రోజుల్లో పుట్టపాక, పోచంపల్లి నేతన్నల ఇళ్లలో ఫోటోలు తీస్తాను, అది సొంత ప్రాజెక్టు. అది సగంలో ఉండగా నాన్నకు పక్షవాతం వచ్చింది, నాలుగు నెలలు మంచాన ఉండి కన్నుమూశారు. మీలో ఎవరికైనా అలాంటి రోజులు నడుస్తుంటే నాకు పనికొచ్చినవి ఇవి.

ముందు ఫోన్లు చేయండి. ముఖ్యంగా మీరు ఫోటోలు తీస్తున్న కుటుంబాలకు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నెలల తరబడి ఇంట్లో తిరిగిన మనిషి ఉన్నట్టుండి మాయమైతే వాళ్లు "ఫోటోలు తీసుకున్నడు, పోయిండు" అనుకుంటారు, ఆ నమ్మకం మళ్లీ సంపాదించడం చాలా కష్టం. ఇక పెళ్లి బుకింగుల సంగతి. మైల రోజుల్లో మనల్ని ఎవరూ పిలవరు, మనమూ వెళ్లం. అందుకే తేదీ, హాలు, అడ్వాన్సు, తప్పక తీయాల్సిన ఫోటోలు అన్నీ ఒక షీటులో రాసి, నమ్మకమైన ఇద్దరు తోటి ఫోటోగ్రాఫర్లతో ముందే పంచుకుని ఉంచండి. కష్టం వచ్చాక ఆ షీటు రాసే ఓపిక ఉండదు.

ప్రాజెక్టును ఆపొద్దు, చిన్నది చేయండి. నేను ఊరంతా తీయాలనుకున్నవాణ్ని, ఒక్క ఇంటికి, ఒక్క పనికి కుదించుకున్నాను. చెల్లెలు నాన్న దగ్గర కూర్చునే ఆదివారం పొద్దున వెళ్లి, చిటికీ కట్టడం మాత్రమే తీసేవాణ్ని. సైకిల్ ట్యూబును సన్నగా చీల్చిన రబ్బరు పేలికలను నూలు మీద గీత పెట్టిన చోటల్లా బిగించి కడతారు, రంగు అక్కడికి ఎక్కకుండా. ఆ వేళ్లనే పదకొండు వారాలు చూశాను. ఊరంతా తిరిగి ఉంటే అంత దగ్గరగా చూసేవాణ్ని కాదు.

ఆసుపత్రిలో కూర్చునే గంటల్లో క్యాప్షన్లు రాయండి. కెమెరా అక్కర్లేని పని, మనసుకు కాస్త ఊతం కూడా. "నేత చీర" అని రాసి వదిలేయకండి. నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టిన నూలుతో నేసిన తేలియా రుమాలు వేరు, నూలుకు ఇలా కట్లు కట్టి రంగేసి నేసే మామూలు ఇక్కత్ వేరు. పుట్టపాక తేలియాకు 2020లో జీఐ గుర్తింపు (ఆ సరుకు ఫలానా ప్రాంతానిదని ఇచ్చే చట్టబద్ధ గుర్తింపు) వచ్చింది కాబట్టి ఆ పేరు తప్పుగా వాడితే నేసినవాళ్లకే అన్యాయం. అనుమానం ఉంటే వాళ్లకే ఫోన్ చేసి అడగండి, సంతోషంగా చెప్తారు.

ఫైళ్లు మూడు చోట్ల పెట్టండి, ఒకటి వేరే ఇంట్లో. వార్డులో నా హార్డ్ డిస్కు కిందపడి పాడైంది, చెల్లెలి ఇంట్లో కాపీ ఉండబట్టి బతికిపోయాను.

డబ్బు విషయంలో, ఆషాఢం, మూఢం రోజుల్లో పెళ్లిళ్లు ఉండవు, ఫీల్డుకు అవే మంచి రోజులు. కానీ ఆ నెలల ఖర్చు సీజన్‌లోనే పక్కన పెట్టాలి, ప్రతి పెళ్లి పేమెంటులో కొంత వేరే ఖాతాలో వేయండి. ప్రాజెక్టు కోసం మాత్రం అప్పు చేయొద్దు, ఆసుపత్రి బిల్లులు నడుస్తున్నప్పుడు అసలే వద్దు.

దుఃఖంలో తీసిన ఫోటోలను వెంటనే ఎంపిక చేయకండి, కనీసం నెల ఆగండి. నాన్న పోయాక తీసిన వాటిలో అన్నీ చీకటి గదులు, వంగిన వీపులే. ప్రింట్లు తీసుకెళ్లి చూపిస్తే, ఆసు పోసే అక్క, అంటే నేతకు ముందు నూలును కొయ్యల చుట్టూ తిప్పే ఆమె, ఒక్కొక్కటీ తిరగేసి, "ఏంది తమ్మీ, మేం నవ్వనే నవ్వమా?" అని అడిగింది. నిజమే, ఆ ఇంట్లో పొద్దుటి నుంచీ మాటలు, రేడియో, మనవడి అల్లరి. అవేవీ నా ఫోటోల్లో లేవు. అందులో పన్నెండు పక్కన పెట్టేసి, మర్నాడు మళ్లీ వెళ్లాను.