డ్రోన్ కేసులు: జరిమానా ఎక్కడ ఆగుతుంది, జైలు ఎక్కడ మొదలవుతుంది

డ్రోన్ రూల్స్ 2021లో శిక్ష కోసం వెతికితే ప్రధానంగా ఒక అంకె కనిపిస్తుంది: లక్ష రూపాయలు మించని జరిమానా. అదీ డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అధికారి మన వాదన విన్నాక వేసేది. ఆ అంకె చూసి చాలామంది పెళ్లి వీడియోగ్రాఫర్లు "మహా అయితే ఫైన్ కట్టేస్తే పోతుంది" అనుకుంటారు. జైలు శిక్షలున్నవి వేరే చట్టాలు, స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కేవి కూడా అవే. కాబట్టి రోటర్ తిరగకముందే కింది విషయాలు వరసగా తేల్చుకోండి.

బరువు, పని

250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్. లెక్కలోకి వచ్చేది బ్యాటరీ, కెమెరా, తగిలించిన ప్రతి వస్తువుతో కలిపి గాల్లోకి లేచే మొత్తం బరువు. 249 గ్రాముల డీజేఐ మినీ 3 ప్రోకు పెద్ద బ్యాటరీ వేస్తే 290 దాకా వెళ్తుంది. అప్పుడది మైక్రో. వంటింటి కాటా మీద తూచి చూసుకోండి.

నానోకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోను సరదాకి ఎగరేసినా అక్కర్లేదు, డబ్బు తీసుకుని పెళ్లి షూట్ చేస్తే మాత్రం కావాలి. పొలంలో మందు కొట్టే 10 లీటర్ల ట్యాంకు డ్రోన్లు సాధారణంగా స్మాల్ తరగతివి, సొంత పొలమైనా సర్టిఫికెట్ ఉన్నవాళ్లే నడపాలి. దానికి వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి, పదో తరగతి పాసై, డీజీసీఏ గుర్తించిన సంస్థలో శిక్షణ పొందాలి. 2023 సవరణ తర్వాత పాస్‌పోర్ట్ లేకున్నా ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి చెల్లుతాయి.

డ్రోన్‌కు యూఐఎన్ నంబరు (ఒక్కో డ్రోన్‌కు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) తీసుకోవడానికి ఫీజు 100 రూపాయలే. చిక్కు వేరే చోట ఉంది: నానో దాటిన డ్రోన్‌కు టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ ప్రమాణాలకు సరిపోతుందనే ధ్రువపత్రం) లేకపోతే ఆ నంబరు రాదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు డబ్బు చేతిలో పెట్టేముందే యూఐఎన్ అడగండి. నానో తప్ప మిగతావాటికి థర్డ్ పార్టీ బీమా కూడా తప్పనిసరి.

మ్యాప్

ప్రభుత్వ డ్రోన్ పోర్టల్ డిజిటల్ స్కైలోని మ్యాప్‌ను ఎగరేసే రోజే చూడాలి, ఎందుకంటే జోన్లు మారుతుంటాయి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు, అంటే 120 మీటర్ల దాకా, ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులకు తగ్గుతుంది. యెల్లో జోన్‌కు ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే కేంద్రం) అనుమతి, రెడ్ జోన్‌కు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. దూరాన్ని టెర్మినల్ నుంచి కాకుండా విమానాశ్రయం ప్రహరీ నుంచి కొలుస్తారు. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టూ ఈ వలయాలు గీస్తే హైదరాబాద్‌లో చాలా భాగం వాటి కిందికే వస్తుంది. విశాఖలో నేవీ స్థావరాలకు 3 కిలోమీటర్ల లోపు ఎగరేస్తే డ్రోన్‌ను కూల్చేసే అధికారం కూడా వాళ్లకుంది. తిరుమల కొండ మీద భక్తులెవరూ డ్రోన్ ఎగరేయకూడదు.

డ్రోన్ కంపెనీ యాప్‌లో హెచ్చరిక రాలేదని ధీమా పడొద్దు. దాని మ్యాప్ వేరు, మన ప్రభుత్వ మ్యాప్ వేరు. యాప్ చూపే ఎత్తు కూడా బయలుదేరిన చోటు నుంచి లెక్కించేది: గుట్ట మీద నుంచి లేపి లోయ వైపు తిప్పితే యాప్‌లో 100 మీటర్లే ఉన్నా నేల నుంచి 120 దాటిపోవచ్చు.

మ్యాప్ పచ్చగా ఉన్నా ఇంకో రెండు ఆంక్షలుండొచ్చు. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఒకసారికి 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్ ప్రకటించవచ్చు. పోలీస్ కమిషనర్ బీఎన్‌ఎస్‌ఎస్ 163 కింద (నేర విచారణ పద్ధతుల చట్టం, పాత సీఆర్‌పీసీ 144) నిషేధాజ్ఞలు ఇవ్వవచ్చు. ప్రముఖుల పర్యటనలు, నిమజ్జనం, ఎన్నికల రోజుల్లో కమిషనరేట్ ప్రకటనలు చూసి, సంబంధిత స్టేషన్‌కు ఒకసారి ఫోన్ చేయండి. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరంపై డ్రోన్లతో పేలుడు పదార్థాలు వేసినప్పటి నుంచి ఈ విషయంలో పోలీసులు మెత్తబడరు, అది సహజమే.

ఏ పనికి ఏ సెక్షన్

నిషేధాజ్ఞ ఉల్లంఘిస్తే బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షాస్మృతి) 223: 6 నెలల వరకు సాధారణ జైలు లేదా 2,500 వరకు జరిమానా, లేదా రెండూ. దానివల్ల మనుషుల ప్రాణానికి, ఆరోగ్యానికి, భద్రతకు ముప్పు వస్తే ఏడాది వరకు, 5,000 వరకు.

జనం నెత్తిన ఎగరేయడం అన్నిటికంటే ప్రమాదం. బ్యాటరీ చల్లబడినా, సిగ్నల్ తెగినా, అరటాకుల పందిరి అంచు రోటర్‌కు తగిలినా డ్రోన్ కింద పడుతుంది. నిర్లక్ష్యంతో ప్రాణాపాయం కలిగిస్తే బీఎన్‌ఎస్ 125 కింద 3 నెలల వరకు, దెబ్బ తగిలితే 6 నెలల వరకు, తీవ్ర గాయమైతే 3 ఏళ్ల వరకు జైలు. ప్రాణం పోతే 106 కింద 5 ఏళ్ల వరకు. పెళ్లిలో వేదిక పక్క ఖాళీ స్థలం నుంచి ఏటవాలుగా తీస్తే షాట్ బాగానే వస్తుంది, అతిథుల మీదుగా పోనక్కర్లేదు. ప్రమాదం జరిగితే 48 గంటల్లో ఆన్‌లైన్‌లో డీజీసీఏకు తెలపాలి.

విమానాల దారిలోకి వెళ్తే లెక్క మారిపోతుంది. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ వాయుయాన్ అధినియం 2024 ప్రకారం, ఉద్దేశపూర్వకంగా మనుషులకు, ఆస్తికి ప్రమాదం కలిగేలా ఎగరేస్తే 2 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

పక్కింటి మేడ మీదో కిటికీలోనో ఆడవాళ్లను వాళ్ల ఏకాంతంలో చిత్రీకరిస్తే బీఎన్‌ఎస్ 77: మొదటిసారే ఏడాది నుంచి 3 ఏళ్లు. ఐటీ చట్టం 66ఈ కింద 3 ఏళ్ల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా అదనం. రక్షణ సంస్థల నిషేధిత ప్రాంతాన్ని శత్రువుకు ఉపయోగపడేలా చిత్రీకరించారని తేలితే అధికార రహస్యాల చట్టం 14 ఏళ్ల దాకా తీసుకెళ్తుంది.

అమెరికా, దుబాయ్ నుంచి వచ్చే బంధువులను డ్రోన్ తెమ్మనకండి. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం, పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. కస్టమ్స్‌లో జప్తు అయ్యేది వస్తువు, ఇరుక్కునేది తెచ్చిన మనిషి.

పోలీసులు ఆపితే

డ్రోన్‌ను వెంటనే కిందికి దించండి, బ్యాటరీ తీసేయండి. యూఐఎన్, సర్టిఫికెట్, బీమా కాగితాలు, ఆ రోజు తీసుకున్న మ్యాప్ స్క్రీన్‌షాట్ (తేదీ, సమయం కనిపించేలా) చూపించండి. భయంతో మెమరీ కార్డు చెరపడం పెద్ద తప్పు: సాక్ష్యమయ్యే ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేస్తే బీఎన్‌ఎస్ 241 కింద 3 ఏళ్ల వరకు శిక్ష. అసలు కేసు 223 దగ్గరే ఆగేదైతే, ఇలా చెరిపి దాన్ని మనమే పెంచుకున్నట్టు.

డ్రోన్ తీసుకెళ్తే పంచనామాలో మోడల్, సీరియల్ నంబరు, బ్యాటరీల సంఖ్య, మెమరీ కార్డు విడివిడిగా రాయించండి. జప్తును వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 105 చెబుతోంది, మర్యాదగానే అడగండి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో సాధారణంగా అరెస్టుకు బదులు హాజరు కమ్మని బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు ఇస్తారు, చెప్పిన తేదీకి తప్పక హాజరవండి. డ్రోన్ విడుదలకు న్యాయవాది ద్వారా బీఎన్‌ఎస్‌ఎస్ 503 కింద మేజిస్ట్రేట్ ముందు పిటిషన్ వేయాలి. కొన్న బిల్లు, యూఐఎన్ ఉంటే యాజమాన్యం తేలిగ్గా రుజువవుతుంది. ఆలస్యం చేయకండి: లిథియం బ్యాటరీలు ఛార్జ్ చూసుకునేవాళ్లు లేకుండా మాల్‌ఖానాలో (జప్తు వస్తువులు ఉంచే గదిలో) నెలల తరబడి పడుంటే ఉబ్బిపోయి ఇక వాడటానికి పనికిరావు.