కేకే లైన్లో కొండ జారితే రాయగడ మీదుగా బండ్లు తిప్పే వరస

వానాకాలం వచ్చిందంటే రైల్వే కంట్రోల్‌కు, అంటే బండ్ల రాకపోకలు నడిపించే గదికి, కొత్తగా వచ్చిన కుర్రాళ్లు నాకు ఫోన్ చేస్తుంటారు. ఘాట్‌లో లైను మూసుకుపోతే బండ్లు రాయగడ మీదుగా ఎలా తిప్పాలి సార్, అని. రూల్ పుస్తకం వాళ్లకు నాకన్నా బాగా గుర్తుంటుంది. వాళ్లకు కావాల్సింది బల్ల దగ్గర ఏది ముందు, ఏది వెనక అన్నది. నేను రిటైరయ్యేదాకా పాటించిన వరస ఇది.

ముందు రెండు లైన్లు కళ్ల ముందు పెట్టుకోండి. కొత్తవలసలో మెయిన్ లైను నుంచి విడిపోయి శృంగవరపుకోట, బొర్రా గుహలు, అరకు మీదుగా కోరాపుట్ ఎక్కి, జగదల్‌పూర్ దాటి కిరండూల్ చేరేది కేకే లైను. బైలాడీల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో జపాన్ సాయంతో వేసింది. రెండోది విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ మీదుగా పోయి, సింగాపూర్ రోడ్డు దగ్గర పక్కకు తిరిగి, టికిరి, లక్ష్మీపూర్ రోడ్డు, దామన్‌జోడి దాటి కోరాపుట్‌లో కలిసేది. ఈ రెండో దారి 1990ల చివరికి గానీ పూర్తి కాలేదు. అంతకుముందు కొండ జారితే బండ్లు తిప్పడమన్న మాటే లేదు, లైను తెరిచేదాకా కూర్చోవడమే.

వార్త వచ్చేది ఎక్కువగా వాన గస్తీ మనిషి నుంచో, డ్రైవర్ నుంచో. అర్ధరాత్రి, ఉరుముల మధ్య, సగం మాట వినిపించదు. "ఎంత పడింది?" అని అప్పుడే అడగకండి. ముందు అటూ ఇటూ ఉన్న ఇద్దరు స్టేషన్ మాస్టర్లనూ ఒకేసారి లైన్లోకి తీసుకోండి. "మాస్టారూ, బ్లాక్ ఇవ్వకండి, మీ నంబరు చెప్పండి" అని ఆ ముక్కలోకి బండి వదలకుండా ఆపించి, మాటకు రుజువుగా ఇచ్చే ప్రైవేట్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని, బండ్ల కదలికలు గీసే చార్టు మీద రాసుకోండి. అక్కడి మనిషి రెండు వైపులా పట్టాల మీద డిటోనేటర్లు, అంటే చక్రం ఎక్కగానే పేలి డ్రైవర్‌ను హెచ్చరించేవి, పెట్టాడా అని అడగండి. 600 మీటర్ల దగ్గర ఒకటి, 1,200 మీటర్ల దగ్గర పది మీటర్లకొకటి చొప్పున మూడు. ఇది తేలాకే మిగతా కబుర్లు.

ఆ తర్వాత అడగాల్సింది ఒకటే. జారింది విశాఖ నుంచి చూస్తే కోరాపుట్‌కు ఇవతలా, అవతలా? ఇవతల అయితే రాయగడ దారి పనికొస్తుంది. 2017 అక్టోబరులో చిమిడిపల్లి, బొర్రా గుహల మధ్య పడింది ఈ రకం. అవతల, అంటే మానబార్ నుంచి జైపూర్‌కు దిగే ఘాట్‌లో 2023 సెప్టెంబరులో పడినట్టు పడితే, రాయగడ మీదుగా ఎంత తిప్పినా కోరాపుట్ దగ్గరే ఆగిపోతుంది. జగదల్‌పూర్‌కు ఇంకో రైలు దారి లేదు. అప్పుడు చెయ్యాల్సింది బండిని కోరాపుట్‌లో ముగించి, అక్కడినుంచి బస్సులు మాట్లాడటం. ఈ తేడా చూడకుండా హడావుడిగా దారి మళ్లించేస్తే నూరు కిలోమీటర్లకు పైగా చుట్టు తిప్పి జనాన్ని మళ్లీ కొండ ముందే నిలబెట్టినవాళ్లమవుతాం.

ఇవతలే జారిందనుకుందాం. ఇక మీ నిర్ణయానికి గడువు కొత్తవలస. విశాఖ నుంచి వచ్చే బండి అక్కడ ఎడమకు తిరిగి కేకే లైను ఎక్కిందా, దాన్ని వెనక్కి తేవడం వేరే తద్దినం. కాబట్టి అనుమానం ఉంటే బండిని విశాఖలోనే ఆపండి. ప్లాట్‌ఫారం మీద గంట ఆలస్యమైతే తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి. అక్కడ టీ ఉంది, నీళ్లున్నాయి, ఇంటికి ఆటో ఉంది. ఘాట్‌లోని శివలింగపురంలో ఆపితే ఏముంది? అటునుంచి వచ్చేవాటికి ఇదే మాట కోరాపుట్‌కు వర్తిస్తుంది.

పట్టాలు బాగుచేసే పీవే వాళ్లను ఎంతసేపు పడుతుందని అడగండి. ఆరు గంటలంటే నేను పన్నెండు రాసుకునేవాణ్ని. వాళ్లు అబద్ధం చెప్పరు. కనిపించే మట్టికే లెక్క కడతారు, పైన వేలాడుతున్న బండ తెల్లారితే గానీ కనిపించదు.

ఇప్పుడు అసలు పని. రెండో లైనుకు ఎన్ని బండ్లు పడతాయి? చాలామంది ఇక్కడే తొందరపడతారు. దారి ఉంది కదా అని అన్నీ అటు పంపేస్తారు. సింగిల్ లైను ఉన్నచోట, లైను రోజుకు ఎన్ని బండ్లు మోస్తుందో చెప్పే స్కాట్ ఫార్ములా కాగితం మీద వేసుకోండి, రెండు నిమిషాల పని. అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టే బ్లాక్ సెక్షన్ (ఒకసారికి ఒకే బండి ఉండే, రెండు స్టేషన్ల మధ్య ముక్క) తీసుకోండి. ఉదాహరణకు గూడ్సు దాన్ని దాటడానికి 22 నిమిషాలు, స్టేషన్ల మధ్య అనుమతులు తీసుకునే బ్లాక్ పనికి 8 నిమిషాలు అనుకుంటే మొత్తం 30. రోజుకున్న 1,440 నిమిషాలను 30తో భాగిస్తే 48. అందులో 70 శాతమే చేతికొస్తుంది, అంటే 33 బండ్లు, రెండు వైపులా కలిపి. ఆ లైను మీద అప్పటికే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది, సమలేశ్వరి ఎక్స్‌ప్రెస్ ఉంది, దామన్‌జోడి అల్యూమినా రేకులున్నాయి (రేకు అంటే ఒక బండికి జతచేసిన పెట్టెల వరస). అవి తీసేస్తే మిగిలిందే మీది. అందులోనూ ఒకటి రెండు ఖాళీగా ఉంచండి, ఇంజను ఫెయిలైతే ఇంకో ఇంజను పంపడానికి.

మిగిలిన ఆ కొద్ది చోటు ప్యాసింజర్ బండ్లకే. ముందు కిరండూల్ నైట్ ఎక్స్‌ప్రెస్. ఖనిజం రేకులు నిలబడితే కొంపలు మునిగిపోవు, పైనుంచి ఫోన్లు మాత్రం వస్తాయి. విశాఖ యార్డులోనే ఖాళీ రేకులను బిగబట్టండి. లోడు రేకులను జగదల్‌పూర్ వైపే నిలపండి, కోరాపుట్ దాకా రానివ్వొద్దు. దారిలో ప్రతి రెండో స్టేషన్లో ఒక లూపు, అంటే బండి పక్కకు తప్పుకునే లైను, ఖాళీగా ఉండి తీరాలి. లూపులన్నీ గూడ్సుతో నిండాయంటే ఎదురుబొదురుగా నిలబడి ఏదీ కదలదు. ఆ ముడి విప్పడానికి కొండ తవ్వడం కన్నా ఎక్కువసేపు పడుతుంది. రెండు రేకులు జతచేసిన లాంగ్‌హాల్ బండి అటు పంపే ఆలోచనే వద్దు, 686 మీటర్ల లూపులో అది పట్టదు.

లైను దొరికినా డ్రైవర్ దొరకాలి. అరకు లైను కళ్లు మూసుకుని నడిపే విశాఖ డ్రైవర్‌కు రాయగడ–కోరాపుట్ ఎల్ఆర్, అంటే ఆ దారి నేర్చుకున్న అర్హత, ఉండకపోవచ్చు. ఉన్నా, మూణ్ణెల్లకు పైగా అటు పోకపోతే మళ్లీ ట్రిప్పు చెయ్యాల్సిందే. ఆ సొరంగాల దారిలో ఏ మలుపు తర్వాత సిగ్నల్ ఉందో తెలియనివాణ్ని ఒంటరిగా పంపకూడదు. అందుకే విశాఖ డ్రైవర్‌ను రాయగడ దాకా నడపమని, అక్కడ రాయగడ మనిషిని ఎక్కించండి. మనిషి లేకపోతే దారి తెలిసినవాణ్ని పైలట్‌గా ఇవ్వండి. రాయగడలో డ్రైవర్లను డ్యూటీకి పిలిచే లాబీకి కబురు బండి విశాఖ వదలక ముందే వెళ్లాలి. బొబ్బిలి దాటాక చెబితే ఇంట్లో నిద్రపోతున్నవాణ్ని లేపి తెచ్చేసరికి బండి రాయగడలో రెండు గంటలు పడుంటుంది. చుట్టుదారి కాబట్టి తొమ్మిది గంటల రన్నింగ్ డ్యూటీ ఎక్కడ నిండుతుందో కూడా ముందే చూసుకోండి. ఎక్కడ నెమ్మదించాలో చెప్పే కాషన్ ఆర్డర్ ఆ దారికి కొత్తగా ఇప్పించాలి. చేతిలో ఉన్న కాషన్ ఆర్డర్ (టీ/409 ఫారం) అరకు దారిది.

జనం సంగతికి వస్తాను. దారి మళ్లిన బండి అరకు తాకదు. వినడానికి ఇంత తేలికైన విషయం, ప్లాట్‌ఫారం మీద ఎవరూ చెప్పరు! "వయా రాయగడ" అని అనౌన్స్ చేస్తారు. సెలవులకు అద్దాల బోగీ టికెట్ కొనుక్కున్న కుటుంబానికి దాంతో ఏం అర్థమవుతుంది? "ఈ బండి ఎస్.కోట, బొర్రా, అరకు వెళ్లదు, దిగిపోయినవాళ్లకు పూర్తి డబ్బు వాపసు వస్తుంది" అని తెలుగులోనూ ఒడియాలోనూ హిందీలోనూ ఆ మాటలతోనే చెప్పించండి. కాగితం మీద రాసి స్టేషన్‌కు పంపేవాణ్ని నేను, చదివేవాళ్లు తమ సొంత మాటలు కలపకుండా.

టూరిస్టులు ఎలాగో కారు మాట్లాడుకుంటారు. కరకవలస, శిమిలిగూడ వైపు ఊళ్లవాళ్లకు విశాఖ–కిరండూల్ పగటి ప్యాసింజరే దిక్కు. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి రోగిని తెచ్చినవాళ్లు అందులోనే వెనక్కి వెళ్లాలి. వాళ్లకు రాయగడ చుట్టు ఎందుకూ కొరగాదు. కాబట్టి జారిన చోటుకు ఇటు విశాఖ నుంచి బొడ్డవర దాకా, అటు అరకు నుంచి కోరాపుట్ దాకా షటిల్ వెయ్యండి. మధ్యలో బస్సు. అటువైపు రేకు చిక్కుకుని ఉంటే అదే వాడుకోండి. లేకపోతే ఒక ఖాళీ రేకును రాయగడ మీదుగా కోరాపుట్ పంపి అక్కడినుంచి అరకు దించండి. ఒక బండి చోటు దానికి పోతుంది. పోనివ్వండి, నా లెక్కలో ఖనిజం రేకు కన్నా అది ముఖ్యం. రాయగడలో బోగీలకు నీళ్లు పట్టించడం మాత్రం మరవొద్దు.

లైను తెరిచారని మెసేజ్ రాగానే అన్నీ ఒక్కసారి వెనక్కి తిప్పకండి. విజయనగరం దాటిన బండి రాయగడ దారినే పోవాలి. జారిన చోట మొదట గూడ్సును గంటకు పది కిలోమీటర్ల వేగంతో పంపి, పీవే వాళ్లు పట్టాల కింద మళ్లీ చూశాక ప్యాసింజర్. అప్పటికి ఏ రేకు ఏ బండికన్న లింకు చిందరవందరగా ఉంటుంది. కిరండూల్‌లో ఉండాల్సిన రేకు కోరాపుట్‌లో, విశాఖ డ్రైవర్లు సగంమంది రాయగడ రన్నింగ్ రూంలో. వాళ్లను స్పేర్‌లో, అంటే బండి నడపకుండా ప్రయాణికుల్లా, ఎక్కించి వెనక్కి తెప్పించండి. మర్నాటి పగటి ప్యాసింజర్‌కు రేకు, మనిషి దొరికాకే చార్టు తర్వాతి షిఫ్టువాడి చేతికివ్వండి.