పగలే కళ్లు మూస్తున్న ఊసరవెల్లి: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో పెరిగే ఊసరవెల్లి చాలావరకు యెమెన్ జాతిదే, తల మీద ఎత్తైన కిరీటం ఉండేది. కింది కొలతలన్నీ దానికే. మన ఊళ్లలో కనబడే ఊసరవెల్లి మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు. దాన్ని పెంచడం నేరం. గాయపడి దొరికితే అటవీశాఖకు అప్పగించండి.

ఊసరవెల్లి జబ్బును దాచుకుంటుంది. మన కంటికి ఆనేసరికే ముదిరి ఉంటుంది. అందుకే వారానికోసారి గ్రాముల తక్కెడ మీద తూచి రాసుకోండి. గుడ్లు పెట్టకుండానే బరువు పదో వంతు తగ్గితే, ఇంకే లక్షణం లేకపోయినా వెటర్నరీ డాక్టరుకు చూపించాలి.

పగలు కళ్లు మూసుకుంటోంది, కళ్లు లోపలికి పోయాయి

ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి పగలు నిద్రపోదు. ముందు దాని రెట్ట చూడండి. అందులో తెల్లగా ఉండాల్సిన భాగం ముదురు నారింజ రంగులో, గట్టిగా ఉంటే ఒంట్లో నీరు తగ్గినట్టే. గిన్నెలో నీళ్లు పెట్టి ఊరుకుంటే సరిపోదు, ఇది ఆకుల మీది బొట్లనే నాకుతుంది. తెల్లవారుజామున లైటు వెలగకముందు, రాత్రి లైటు ఆరే ముందు రెండేసి నిమిషాలు సన్నని తుంపర కొట్టండి. పగలు డ్రిప్పర్‌తో ఇరవై నిమిషాలు ఆకుల మీద బొట్లు పడనివ్వండి. మధ్యలో కేజ్ పూర్తిగా ఆరాలి. సిరంజితో బలవంతంగా నీళ్లు పోయొద్దు. శ్వాసనాళం నోట్లో ముందువైపే తెరుచుకుంటుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. టబ్బులో ముంచడమూ వద్దు, బెదిరిపోతుంది.

రెట్ట తెల్లగానే ఉండి, ఒక్క కన్నే మూస్తుంటే అందులో నలుసు పడి ఉండొచ్చు. గోరువెచ్చని తుంపర ఐదు నిమిషాలు కొడితే కన్ను ఉబ్బించి, తిప్పి తానే కడుక్కుంటుంది. రెండు కళ్లూ వాచి ఉంటే విటమిన్ ఎ లోపాన్ని అనుమానించాలి. మల్టీవిటమిన్ పొడిలో విటమిన్ ఎ బీటా కెరోటిన్ రూపంలో మాత్రమే ఉంటే నమ్ముకోవద్దు, రెటినాల్ రూపంలో ఉన్నది కొనండి, రెండు వారాలకోసారి మాత్రమే వాడండి. ఎక్కువైతే అదే విషం. ఒక్క రోజులో తేడా కనబడకపోతే డాక్టరుకు చూపించడంలో ఆలస్యం చేయకండి.

కాళ్లు వంకరపోతున్నాయి, పట్టు జారుతోంది, నాలుక అందడం లేదు

ఎముకల జబ్బు. పెంపకంలో జరిగే పొరపాట్లలో ఇదే ఎక్కువ, పూర్తిగా నివారించగలిగినదీ ఇదే. యూవీబీ కాంతి (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) తగిలితేనే చర్మంలో విటమిన్ డి3 తయారవుతుంది. డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. అప్పుడు శరీరం ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. దవడ రబ్బరులా మెత్తబడుతుంది, కాళ్లు వణుకుతాయి. కిటికీ దగ్గర పెట్టినా లాభం లేదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది.

చుట్టలా ఉండే చిన్న బల్బు తీసేసి, కేజ్ వెడల్పంతా పరుచుకునే టీ5 రకం సన్నని యూవీబీ ట్యూబు, దాని మీద 5.0 లేదా 6 శాతం అని రాసి ఉన్నది, పెట్టండి. ఎండకాగే కొమ్మ ట్యూబుకు 20 నుంచి 25 సెంటీమీటర్ల కింద ఉండాలి. ట్యూబు వెలుగుతూనే ఉన్నా యూవీబీ తగ్గిపోతుంది, ఏడాదికోసారి మార్చండి. ట్యూబు కాంతితో డి3 ఒంట్లోనే తయారవుతుంది కాబట్టి, డి3 లేని కాల్షియం పొడిని ప్రతి మేతకూ కీచురాళ్లకు పలచగా అద్దండి. ఆ కీచురాళ్లకు ముందురోజు ఆకుకూర, క్యారెట్ పెట్టండి. ఖాళీ కడుపు పురుగులో బలం ఉండదు.

వంగిన ఎముక తిరిగి నిటారు కాదు, వంకర పెరగకుండా ఆగుతుంది, అంతే. వణుకు మొదలైతే పొడితో ఆగదు, డాక్టరు కాల్షియం మందు ఇవ్వాలి. ఈలోగా కొమ్మలు కిందికి దించి, కింద మెత్తటి గుడ్డ పరవండి. పడితే ఎముక విరుగుతుంది.

నోరు తెరిచి ఉంటోంది

మొదట ఎండకాగే కొమ్మ దగ్గర ఉష్ణోగ్రత కొలవండి. మగదానికి 85 ఫారన్‌హీట్, ఆడదానికి 80 చాలు. అంతకు మించితే వేడి తట్టుకోలేక తెరిచిందేమో, వేడినిచ్చే బల్బు పైకి జరపండి. చల్లగా ఉన్నప్పుడూ నోరు తెరిచి, తల పైకెత్తి, ఊపిరిలో టపటప చప్పుడు, నోట్లో జిగురు ఉంటే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్. వెచ్చని రాత్రుల్లో తేమ నిలవడం వల్ల వస్తుంది. రాత్రి 68 కంటే చల్లబడితేనే తేమ పెంచండి, గాలి ఆడనివ్వండి. యాంటీబయాటిక్ డాక్టరే ఇవ్వాలి. ఇంట్లో మిగిలినవి వేయకండి.

ఆడది తిండి మానేసి, నేల మీద తిరుగుతోంది

మగది లేకపోయినా గుడ్లు పెడుతుంది. 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు ఉన్న తొట్టిలో కడిగిన ఇసుక నింపి, వేలితో బొరియ చేస్తే కూలనంత తడిగా ఉంచండి. ఆడదానికి ఆరు నెలల వయసు రాకముందే ఈ తొట్టి కేజ్‌లో ఉండాలి. తవ్వేటప్పుడు కేజ్ ముందు గుడ్డ వేలాడదీయండి, మనిషి కంటపడితే తవ్వడం మానేసి గుడ్లు కడుపులోనే బిగబట్టుకుంటుంది. కళ్లు మూసి, నీరసంగా కేజ్ అడుగున పడుకుందంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గాలి ఆడే డబ్బాలో పట్టుకునేందుకు ఒక కొమ్మ పెట్టి, పైన గుడ్డ కప్పి తీసుకెళ్లండి. తాజా రెట్ట జిప్ కవర్లో, కేజ్ ఫోటోలు, బల్బుల పేర్లు, బరువుల చీటీ వెంట ఉంచుకోండి. సరీసృపాలు చూసే డాక్టరు ముందు అడిగేవి అవే.