ఇంటి వెలుపల మార్పులు చేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అమెరికాలో గృహ యజమానుల సంఘం పరిధిలో ఉన్న ఇంటికి రంగు మార్చాలన్నా, కంచె వేయాలన్నా, పెరట్లో షెడ్డు కట్టాలన్నా, ముందుగా సంఘం నిబంధనల పత్రాన్నీ, తరువాత వచ్చిన సవరణలనూ పూర్తిగా చదవాలి. అనుమతి కోసం సంఘానికి పెట్టే దరఖాస్తుకు కొలతలతో కూడిన ప్లాను, రంగు నమూనా, సామగ్రి వివరాలు జతచేయాలి.

ఈ దరఖాస్తులను చూసే సంఘం పరిశీలక కమిటీ ఆమోదం రాతపూర్వకంగా అందేవరకు కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇవ్వకండి. సభ్యులెవరైనా నోటిమాటగా సరేనన్నా, పక్కింటివారు అదే రంగు వేసుకున్నా, అది అనుమతి కిందకు రాదు. అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే అనుమతి లేని పనికి జరిమానా పడటమే కాక, కట్టినదాన్ని సొంత ఖర్చుతో తొలగించవలసి రావచ్చు.

నగర పాలక సంస్థ పర్మిట్ వేరు, సంఘం ఆమోదం వేరు; ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది అక్కర్లేదనుకోకూడదు. తవ్వకం ఉంటే కొన్ని రోజుల ముందే 811 అనే జాతీయ నంబరుకు ఫోన్ చేసి గ్యాస్, కరెంటు వంటి భూగర్భ లైన్లను గుర్తు పెట్టించుకోవాలి.

అలాగని సంఘం మాటే ప్రతిచోటా చివరిది కాదు: మీ సొంత వినియోగంలో ఉన్న స్థలంలో ఒక మీటరు వ్యాసానికి మించని డిష్ యాంటెన్నాను అమర్చుకోవడాన్ని సంఘాలు అకారణంగా అడ్డుకోకుండా 1996 నాటి ఫెడరల్ నిబంధన రక్షణ కల్పిస్తోంది. దరఖాస్తు తిరస్కరిస్తే కారణాలను రాతపూర్వకంగా అడిగి, గడువు దాటకముందే అప్పీలు చేసుకోవాలి.