శాసనసభను నిలిపివేసిన ఉత్తర్వుపై మూట్‌కోర్టు వాదన తయారుచేసుకోవడం ఎలా?

తిరుపతిలో న్యాయశాస్త్రం చదువుతున్న విద్యార్థులు మూట్‌కోర్టులో, అంటే కల్పిత కేసుపై వాదన సాధన చేసే నమూనా కోర్టులో, ఇలాంటి సమస్య చేతికి రాగానే తీర్పుల వేటకు బయలుదేరుతారు. అంతకంటే ముందు ఉత్తర్వును నిదానంగా చదవాలి. సభను వాయిదా వేసేది స్పీకరు. సమావేశాలను ప్రోరోగ్ చేసే, అంటే సభను రద్దుచేయకుండానే ఆ విడత సమావేశాలను ముగించే అధికారమూ, సభను రద్దుచేసే అధికారమూ 174వ అధికరణ కింద గవర్నరువి. రాష్ట్రపతి పాలనలో సభను సుప్తచేతనావస్థలో ఉంచడం (రద్దుచేయకుండా పని మాత్రం ఆపివేయడం) 356వ అధికరణ కిందికి వస్తుంది. వీటన్నిటినీ ఒకే గాటన కడితే మొదటి పేజీలోనే వాదన కుంటుపడుతుంది. చివరిది మన ప్రాంతానికి కొత్త కాదు: అప్పటి చిత్తూరు జిల్లా పీలేరు నుంచి ఎన్నికైన ముఖ్యమంత్రి ఎన్. కిరణ్‌కుమార్‌రెడ్డి 2014 ఫిబ్రవరిలో రాజీనామా చేశాక రాష్ట్రపతి పాలన విధించి, శాసనసభను తొలుత ఆ స్థితిలోనే ఉంచారు.

ప్రోరోగ్ ఉత్తర్వును సవాలు చేస్తుంటే, సభా వ్యవహారాలపై కోర్టులు విచారించరాదన్న 212వ అధికరణను ఎదుటి పక్షం తప్పక ముందుకు తెస్తుంది. సభ తాను నడుపుకొనే వ్యవహారం వేరు, బయటినుంచి సభపై పడే ఉత్తర్వు వేరు అన్నదే దానికి జవాబు. 2019 సెప్టెంబరు 24న బ్రిటన్ పార్లమెంటు ప్రోరోగ్‌పై అక్కడి సుప్రీంకోర్టు పదకొండుమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పులో, పార్లమెంటు వ్యవహారాలను కోర్టులు ప్రశ్నించరాదనే తమ దేశపు 1689 హక్కుల చట్టం విషయంలో ఈ మాటే చెప్పారు. అది మన కోర్టులను బంధించే తీర్పు కాదు కనుక, తర్కానికి మాత్రమే వాడుకోవాలి. 356 కింద ఉత్తర్వైతే 1994 నాటి ఎస్.ఆర్. బొమ్మై తీర్పే ఆధారం: రాష్ట్రపతికి మంత్రిమండలి ఇచ్చిన సలహాను అడగలేకపోయినా, దాని వెనుక ఉన్న ఆధార పత్రాలను కోర్టు తెప్పించుకుని చూడవచ్చని తొమ్మిదిమంది సభ్యుల ధర్మాసనం నిర్ణయించింది.

ఎక్కువ సమయం కేటాయించవలసింది దీని తరువాతి మెట్టుకు. దురుద్దేశాన్ని నిరూపించే ప్రయత్నం మానుకోమనే నా సలహా. ముఖ్యమంత్రి మనసులో ఏముందో తేల్చడం ఏ కోర్టుకైనా కష్టమే. ఉత్తర్వు వల్ల సభ చేయవలసిన ఏ పని ఆగిపోయింది, అందుకు సహేతుకమైన కారణం చూపారా అని అడగాలి. బ్రిటన్ కోర్టు వేసుకున్న ప్రశ్న ఇదే. ఐరోపా సమాఖ్యనుంచి వైదొలగే గడువు అక్టోబరు 31న ముంచుకొస్తుండగా పార్లమెంటును సుమారు ఐదు వారాలు మూసివేయడానికి కారణమేదీ కనబడలేదు కాబట్టి, ఆ ఉత్తర్వు చెల్లదన్నారు. దీని పక్కన 1968 నాటి పంజాబును పెట్టి చూడండి. బడ్జెట్టు ఆమోదం పొందవలసిన వేళ స్పీకరు సభను రెండు నెలలు వాయిదా వేయగా, గవర్నరు మార్చి 11న ప్రోరోగ్ చేసి, 18న తిరిగి సమావేశపరిచారు. మన సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ఒకచోట అధికారం సభను మూసింది, మరొకచోట తెరిచింది. ప్రోరోగ్ అన్న పేరు రెండింటికీ ఒకటే. మీరు ప్రభుత్వ పక్షాన వాదిస్తుంటే పంజాబు తీర్పును మొదట పట్టుకోండి.

ఇక ఏ ఉపశమనం కోరాలన్నది, విద్యార్థులు చివరి రాత్రి రెండు వాక్యాల్లో రాసేసే భాగం. 2005లో బీహారు శాసనసభ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు మెజారిటీ తేల్చినా, ఎన్నికల ప్రక్రియ అప్పటికే మొదలైనందున పాత సభను పునరుద్ధరించలేదు. అరుణాచల్ ప్రదేశ్ కేసులో మాత్రం 2016లో, 2015 డిసెంబరు 15 నాటి స్థితిని తిరిగి నెలకొల్పింది. ఆలస్యమైతే గెలిచినా సభ తిరిగి రాకపోవచ్చు కాబట్టి, ఉత్తర్వును కొట్టివేయమని కోరే రిట్‌తో పాటే మధ్యంతర ఉత్తర్వు కూడా కోరండి. తన అధికార చర్యలకు కోర్టులో జవాబు చెప్పనక్కర్లేదన్న 361వ అధికరణ రక్షణ గవర్నరుకు ఉన్నందున, ఉత్తర్వును సమర్థించుకోవలసిన ప్రభుత్వాన్నే ప్రతివాదిగా చూపండి.