గ్రాఫిక్స్ ల్యాబ్‌లో తరచు ఎదురయ్యే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

ల్యాబ్‌లో చేయెత్తిన విద్యార్థి నోట మొదట వచ్చే మాట "సార్, రావడం లేదు" అన్నదే. ఏది రావడం లేదో, ఎక్కడిదాకా వచ్చి ఆగిందో ఆ మాటలో ఉండదు. తిరుపతిలో డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు కంప్యూటర్ గ్రాఫిక్స్, డిజిటల్ మీడియా ప్రాక్టికల్స్ చేయిస్తూ నేను గమనించిందేమిటంటే, ఈ కోర్సులో లోపం కనబడే చోటు ఒకటి, అది పుట్టిన చోటు మరొకటి. తెర మీద తప్పుగా కనబడినదాని మూలం ప్రోగ్రాంలో ఉండవచ్చు, ఫైలులో ఉండవచ్చు, మానిటర్‌లోనే ఉండవచ్చు. కాబట్టి కింద ప్రతి చిక్కుకూ కంటికి కనబడే లక్షణంతో మొదలుపెట్టి, మూలం ఎక్కడుందో తేల్చే చిన్న పరీక్ష చెప్పి, ఆ తర్వాతే పరిష్కారం చెప్పాను.

"గ్రాఫిక్స్ నాట్ ఇనిషియలైజ్డ్" అని చూపి ప్రోగ్రాం ఆగిపోతుంది

చాలా కళాశాలల్లో ఈ ప్రాక్టికల్స్ ఇప్పటికీ డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రాంలను ఇప్పటి కంప్యూటర్లలో నడిపే సాఫ్ట్‌వేర్) నడిచే టర్బో సీ అనే పాత సీ భాషా కంపైలర్ మీదే జరుగుతున్నాయి. టర్బో సీ, తెర చిత్రాలకు సంబంధించిన వీజీఏ ప్రమాణం రెండూ 1987లోనే వచ్చాయి. మన విద్యార్థుల తల్లిదండ్రులు బడికి వెళ్లిన రోజుల నాటి సామగ్రి అన్నమాట. గీతలు గీయడానికి ఇనిట్‌గ్రాఫ్ ఫంక్షన్‌కు డ్రైవర్ ఫైలు ఉన్న ఫోల్డరు దారి ఇవ్వాలి. ఆ దారిని (ఉదాహరణకు c:\turboc3\bgi) చిన్న అక్షరాలతో, మధ్యలో ఒకే బ్యాక్‌స్లాష్ పెట్టి రాసినప్పుడు, బ్యాక్‌స్లాష్ పక్కన ఉన్న "టీ"ని సీ భాష ట్యాబ్‌గానూ, "బీ"ని బ్యాక్‌స్పేస్‌గానూ అర్థం చేసుకుంటుంది. చూడడానికి దారి సరిగ్గానే ఉంటుంది గానీ కంపైలర్‌కు అందేది వేరొక దారి. బ్యాక్‌స్లాష్‌ను ప్రతిచోటా రెండుసార్లు రాస్తే సమస్య తీరుతుంది. అప్పటికీ తీరకపోతే గ్రాఫ్‌రిజల్ట్ ఫంక్షన్ ఇచ్చే విలువను ముద్రించి చూడాలి. అది -3 అయితే డ్రైవర్ ఫైలు ఆ ఫోల్డరులో లేదని అర్థం. ప్రోగ్రాం నడవకముందే లింకర్ (ప్రోగ్రాంకు లైబ్రరీలను జతచేసే భాగం) దోషం చూపిస్తే ఇదంతా అక్కరలేదు. ఆప్షన్స్ మెనూలోని లింకర్ లైబ్రరీల్లో గ్రాఫిక్స్ లైబ్రరీని ఎంచుకుంటే చాలు.

ఏటవాలు గీత అడ్డంగా పడుతుంది, లేదా చుక్కలుగా విడిపోతుంది

ఈ రెండు లక్షణాలూ ఒకే ప్రోగ్రాంలో కనబడవచ్చు గానీ కారణాలు వేరు. ఒక్కో అడుగుకు పెరుగుదలను కలుపుతూ గీత గీసే డీడీఏ పద్ధతిలో (100, 100) నుంచి (300, 200) వరకు గీత గీయాలనుకుందాం. అడ్డంగా 200 అడుగులు, ఒక్కో అడుగుకు నిలువుగా అర పిక్సెల్ పెరుగుదల రావాలి. కానీ 100ను 200తో భాగించేటప్పుడు రెండూ పూర్ణాంకాలైతే సీ భాషలో ఫలితం 0.5 కాదు, సున్నా. పెరుగుదల సున్నా కనుక గీత (300, 100) వద్ద, మొదలైన ఎత్తులోనే ముగుస్తుంది. ఫలితాన్ని దాచుకునే చలరాశిని ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) ప్రకటించామని విద్యార్థులు వాదిస్తారు. అది చాలదు. భాగహారం జరిగిపోయాక సున్నాను ఫ్లోట్‌లో దాచుకున్నా అది సున్నాయే. భాగించేముందే రెండింటిలో ఒకదాన్ని ఫ్లోట్‌గా మార్చాలి.

చుక్కలుగా విడిపోవడం నిటారు గీతల్లో కనబడుతుంది. (100, 100) నుంచి (130, 400) వరకు ఒక్కో అడుగూ ఎక్స్ దిశలోనే వేస్తూ పోతే పడేవి 31 చుక్కలు మాత్రమే, పైగా వాటి మధ్య నిలువుగా 10 పిక్సెళ్ల ఎడం ఉంటుంది. ఎక్స్, వై దిశల్లో ఏ తేడా పెద్దదో ఆ దిశలో అడుగులు వేయాలని పాఠంలో ఉన్న నియమం ఇందుకే. బ్రెజెన్‌హామ్ 1962లో ఐబీఎంలో రూపొందించి 1965లో ప్రచురించిన పద్ధతి పూర్ణాంకాలతోనే నడుస్తుంది కాబట్టి మొదటి లోపం దానికి అంటదు. అయితే చాలామంది నోటుపుస్తకంలో రాసుకునేది వాలు 0కూ 1కీ మధ్య ఉన్న గీతలకు మాత్రమే పనికొచ్చే రూపం. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కుడి నుంచి ఎడమకు గీత గీయమంటే ఆ ప్రోగ్రాం అక్కడే చేతులెత్తేస్తుంది. పరీక్షకు ముందు కనీసం ఎనిమిది దిశల్లో గీతలు గీసి చూసుకోవడం మంచిది.

వృత్తం గుడ్డులా కనబడుతుంది

ముందు డాస్‌బాక్స్‌లో కంట్రోల్, ఎఫ్5 నొక్కి తెర బొమ్మ తీసుకుని చూడాలి. ఆ బొమ్మలో వృత్తం గుండ్రంగా ఉంటే ప్రోగ్రాంను తాకవద్దు. 640 × 480 చిత్రాన్ని 1366 × 768 మానిటర్ నిండా సాగదీస్తే అడ్డం 2.13 రెట్లు, నిలువు 1.6 రెట్లు పెరుగుతుంది కాబట్టి వృత్తం వెడల్పు ఎత్తుకు 1.33 రెట్లు అవుతుంది. ఆల్ట్, ఎంటర్ నొక్కి చిన్న కిటికీలోకి మారితే సరిపోతుంది.

తిప్పిన బొమ్మ తెర మీద లేకుండా పోతుంది

తెర మధ్యలో, అంటే (320, 240) కేంద్రంగా ఒక చతురస్రం ఉందనుకుందాం. దాన్ని 90 డిగ్రీలు తిప్పమని సూత్రంలో విలువలు వేస్తే కేంద్రం (-240, 320)కు చేరుతుంది. అది తెరకు ఎడమవైపు బయట ఉన్న చోటు. సూత్రం తప్పు కాదు. అది బొమ్మను మూలబిందువు చుట్టూ తిప్పుతుంది, గ్రాఫిక్స్ తెరలో మూలబిందువు ఎడమ పైమూలన ఉంటుంది. బొమ్మ కేంద్రాన్ని ముందు మూలబిందువుకు జరిపి, తిప్పి, మళ్లీ యథాస్థానానికి జరపాలి. ఈ మూడు పనుల వరుస మారితే ఫలితం మారుతుంది.

బొమ్మ తెర మీదే ఉండి, అడిగిన కోణానికి పొంతన లేకుండా తిరిగితే అది రేడియన్ల గొడవ. సైన్, కాస్ ఫంక్షన్లు 30ని 30 రేడియన్లుగా తీసుకుంటాయి. అది పూర్తి చుట్లు తీసేయగా దాదాపు 279 డిగ్రీలు. కోణాన్ని 3.14159తో గుణించి 180తో భాగించి ఇవ్వాలి.

రంగు హద్దు దాటి తెరంతా పరుచుకుంటుంది

ముగ్గులో గీత ఒకచోట తెగితే రంగు పక్క గడిలోకి పోయినట్లే, హద్దులో ఒక్క పిక్సెల్ ఖాళీ ఉన్నా నింపే ప్రోగ్రాం అందులోంచి జారిపోతుంది. ఖాళీ ఏదీ లేకున్నా జారుతుంటే ఎనిమిది పొరుగు పిక్సెళ్ల పద్ధతి వాడారేమో చూడాలి. ఏటవాలు గీతలో పిక్సెళ్లు మూలమూలలా మాత్రమే తాకుతుంటాయి కాబట్టి మూలల్లోంచి నడిచే ఎనిమిది పొరుగుల పద్ధతి వాటి సందుల్లోంచి దాటిపోతుంది. నాలుగు పొరుగుల పద్ధతి దాటదు. హద్దు గీసిన రంగు సంఖ్య, నింపే ఫంక్షన్‌కు ఇచ్చిన హద్దు రంగు సంఖ్య ఒకటేనా అని కూడా సరిచూడాలి. చిన్న బొమ్మకు పనిచేసి పెద్ద బొమ్మకు ప్రోగ్రాం చచ్చిపోతే అది స్టాక్ (ఫంక్షన్ పిలుపులను గుర్తుంచుకునే మెమరీ) నిండిపోవడం. 200 × 200 చతురస్రంలో 40,000 పిక్సెళ్లు ఉంటాయి. ఫంక్షన్ తనను తానే అన్నిసార్లు పిలుచుకుంటూ పోతే చోటు చాలదు. ప్రాక్టికల్ రికార్డుకు 30 × 30 బొమ్మ చాలు.

పోస్టరులో తెలుగు అక్షరాలు విడిపోతాయి

కోర్సు రెండో సగంలో అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. జాతర పోస్టరు చేస్తున్న విద్యార్థిని తెర మీద "శ్రీ" అని టైపు చేస్తే, శకారం నెత్తిన పొల్లు, పక్కన గుడిదీర్ఘంతో "రీ" విడిగా నిలబడ్డాయి. ఆమె ఫాంటు బాగాలేదని వరుసగా నాలుగు ఫాంట్లు మార్చింది. నాలుగింటిలోనూ అదే వరస. ఫాంటు ఏదైనా లక్షణం మారకపోవడమే ఇక్కడ అసలు ఆధారం.

యూనికోడ్‌లో "శ్రీ" ఒక అక్షరంగా నిల్వ ఉండదు. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు సంకేతాల వరుసగా ఉంటుంది. ఆ వరుసను చూసి ఒత్తును కిందికి దించి, దీర్ఘాన్ని పైకెక్కించే పని సాఫ్ట్‌వేర్‌లోని అక్షర కూర్పు విభాగానిది. పరీక్ష తేలిక: ఆ పాఠాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించాలి. అక్కడ "శ్రీ" సరిగ్గా కనబడితే పాఠం బాగానే ఉంది, కూర్పు మాత్రమే జరగలేదు. ఫొటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దక్షిణాసియా లిపుల అమరికను ఎంచుకోవాలి. కొన్ని వెర్షన్లలో దాని పేరు వరల్డ్-రెడీ లేఅవుట్. మార్చాక సాఫ్ట్‌వేర్ మూసి తెరిచి, కొత్త టెక్స్ట్ లేయరులో టైపు చేయాలి. ఇంక్‌స్కేప్‌లో ఈ బాధ లేదు.

నోట్‌ప్యాడ్‌లో తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసి పడితే అది పాత డీటీపీ ఫాంటు. అను వంటి ఆ ఫాంట్లలో తెలుగు అక్షర ఖండాలు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని చెత్త. ఊళ్లోని ప్రింటింగ్ షాపుల్లో ఈ ఫాంట్లు ఇప్పటికీ దండిగా ఉన్నాయి, చూడచక్కగా కూడా ఉంటాయి కాబట్టి వాటిని తప్పుపట్టను. కానీ ఆ పాఠాన్ని వెబ్‌పేజీలో పెట్టాలంటే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక అక్షరం అక్షరం చదివి దిద్దాలి. కొత్తగా మొదలుపెట్టేవారికి గూగుల్ ఫాంట్స్‌లో మల్లన్న, రామభద్ర, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. శ్రీకాళహస్తి కవి పేరున్న ఫాంటుతో మన జిల్లా పోస్టరు చేయడం నాకైతే ముచ్చటగా ఉంటుంది.

మన కంప్యూటర్‌లో బాగున్నది షాపులో చెడితే, ఆ ఫాంటు అక్కడ లేదని అర్థం. కోరల్‌డ్రాలో కన్వర్ట్ టు కర్వ్స్, ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ టు పాత్ చేసి పంపాలి. ఆ తర్వాత అక్షరదోషం దిద్దలేరు కాబట్టి దిద్దడానికి వీలైన ప్రతిని విడిగా దాచుకోవాలి. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతుంటే అది దోషం కూడా కాదు. ఇంగ్లిషుకు తగ్గ 120 శాతం వరుస ఎడం తెలుగుకు ఇరుకు. నేను 145 దగ్గర మొదలుపెడతాను.

అచ్చులో బొమ్మ మసకబారుతుంది, రంగు మందగిస్తుంది

ఏ4 కాగితానికి అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. 1600 పిక్సెళ్ల పొడవున్న ఫొటోను ఆ కాగితం నిలువునా పరిస్తే అంగుళానికి దాదాపు 137 మాత్రమే వస్తాయి. ఇమేజ్ సైజ్ పెట్టెలో 72 తీసి 300 రాసినంత మాత్రాన వివరం పుట్టదు. కొత్త పిక్సెళ్లను సాఫ్ట్‌వేర్ ఊహించి కలుపుతుంది, అంతే. స్నేహితుడు వాట్సాప్‌లో పంపిన ఫొటో అయితే దాన్ని డాక్యుమెంటుగా మళ్లీ పంపమనడమే సరైన మందు. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి అంత అక్కరలేదు. 6 × 4 అడుగుల ఫ్లెక్సీకి అంగుళానికి 72 చొప్పున 5184 × 3456 పిక్సెళ్లు సరిపోతాయి.

రంగు విషయంలో తప్పు ఒకసారి నాదే. మా విభాగం కార్యక్రమానికి చేసిన పోస్టరులో చిలకపచ్చ నేపథ్యం అచ్చులో ఎండిన తమలపాకులా వచ్చింది. షాపువాళ్ల సిరాను అనుమానించాను గానీ, తెర వెలుగుతో చూపగలిగే ఆ పచ్చ నాలుగు సిరాల కలయికకు అందదు. మెరిసే నీలానిదీ అదే కథ, పసుపు మాత్రం దాదాపు అలాగే వస్తుంది. ఫొటోషాప్‌లో కంట్రోల్, వై నొక్కితే అచ్చులో ఎలా ఉంటుందో తెర మీదే అంచనాగా కనబడుతుంది. రంగులు ఎంచుకునేటప్పుడే ఇది చూసుకోవాలి.

వీడియోలో నల్లటి పట్టీలు కదులుతాయి, మాట పెదవికి పొసగదు

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, కొన్ని చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్‌కు వెళ్లి షట్టర్‌ను 1/50 లేదా 1/100 వద్ద ఉంచితే పట్టీలు పోతాయి.

మాట పొసగనప్పుడు మొదటి నిమిషంలోని తేడానూ చివరి నిమిషంలోని తేడానూ పోల్చాలి. చిత్రీకరణ మొదట్లో ఒకసారి, చివర ఒకసారి కెమెరా ముందు చప్పట్లు కొట్టి ఉంటే ఈ పని తేలిక. రెండుచోట్లా తేడా ఒకటే అయితే ఆడియోను అంతమేర జరిపితే చాలు. తేడా పెరుగుతూ పోతే, ఫోన్ ఫ్రేముల వేగాన్ని మారుస్తూ రికార్డు చేసిందని అనుమానించాలి. ఆ క్లిప్‌ను హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చి, ఆ తర్వాతే ఎడిటింగ్ టైమ్‌లైన్ మీదికి తెచ్చుకోవాలి. అప్పటికే కత్తిరింపులన్నీ అయిపోయాక ఈ సంగతి బయటపడితే, ప్రాజెక్టులో పాత క్లిప్ స్థానంలో కొత్తదాన్ని పెట్టి ప్రతి కత్తిరింపునూ మళ్లీ చూసుకోక తప్పదు.