హెటిరోసైక్లిక్ వలయాన్ని చూసి దాని స్వభావాన్ని చెప్పడం ఎలా?

కర్బన రసాయనశాస్త్రంలో హెటిరోసైక్లిక్ సమ్మేళనాల (వలయంలో కార్బన్లతో పాటు వేరే మూలకం కూడా ఉన్నవాటి) పాఠం దగ్గరికి వచ్చేసరికి చాలామంది విద్యార్థులు పిరిడీన్‌కు ఒక పట్టిక, పిర్రోల్‌కు ఒక పట్టిక, ఫ్యూరాన్‌కు మరొకటి రాసుకుని చర్యలన్నిటినీ కంఠస్థం చేయడానికి కూర్చుంటారు. అంత శ్రమ అక్కర లేదు. వలయంలో కార్బన్ల నడుమ చేరిన నైట్రోజన్, ఆక్సిజన్ లేదా సల్ఫర్ దగ్గర ఉన్న ఒంటరి ఎలక్ట్రాన్ జంట వలయం పనిలో పడిపోయిందా, లేక బయట ఖాళీగా ఉందా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే, ఆ పదార్థం క్షారమా కాదా, దాని మీద ఎలాంటి కారకం ఏ స్థానంలో దాడి చేస్తుంది అన్న సంగతులు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. ఆ ప్రశ్నను వరుసగా వేసుకునే పద్ధతి ఇక్కడ చెబుతున్నాను. కావలసినవి కాగితం, పెన్సిలు, ఇంటర్మీడియట్ స్థాయిలో బంధాల గురించిన పరిచయం.

1. వలయాన్ని పూర్తిగా గీయండి

ద్విబంధాలు, హైడ్రోజన్లు, ఒంటరి జంటలు ఏవీ వదలకుండా గీయాలి. అంకెలు వేసేటప్పుడు ఆక్సిజన్‌కు మొదటి ప్రాధాన్యం, తరువాత సల్ఫర్‌కు, ఆ తరువాత నైట్రోజన్‌కు ఇవ్వాలి. అందుకే ఆక్సజోల్‌లో ఆక్సిజన్ 1వ స్థానంలోను, నైట్రోజన్ 3వ స్థానంలోను ఉంటాయి.

వలయంలో ద్విబంధాలేవీ లేకపోతే పని దాదాపు ఇక్కడితోనే ముగుస్తుంది. పిపరిడీన్ మామూలు సెకండరీ ఎమీన్‌లాగా, టెట్రాహైడ్రోఫ్యూరాన్ మామూలు ఈథర్‌లాగా ప్రవర్తిస్తాయి. వలయం మరీ చిన్నదైతే మాత్రం ఈ మాట చెల్లదు. మూడు పరమాణువుల ఇథిలీన్ ఆక్సైడ్‌లో బంధకోణాలు 60 డిగ్రీల దగ్గరికి నొక్కుకుపోవడం వల్ల మోల్‌కు సుమారు 27 కిలోకేలరీల బిగుతు (స్ట్రెయిన్) దాగి ఉంటుంది. అందుకే సాధారణ ఈథర్లు చలించని చోట ఇది న్యూక్లియోఫైల్ (ఎలక్ట్రాన్ జంటను ఇవ్వజూపే కారకం) తగలగానే తెరుచుకుంటుంది. పెన్సిలిన్‌లోని నాలుగు పరమాణువుల బీటా-లాక్టమ్ వలయం బాక్టీరియా ఎంజైమును పట్టుకుని పనిచేయకుండా ఆపగలగడంలో ఈ బిగుతుకు కూడా పాత్ర ఉంది.

2. ఒంటరి జంట ఎక్కడుందో తేల్చండి

అసలు మెట్టు ఇదే కనుక ఇక్కడ తొందరపడకూడదు. ఆరోమాటిక్ వలయంలో (అంటే ఎలక్ట్రాన్లు వలయమంతా పంచుకోబడి బెంజీన్‌లా స్థిరంగా ఉండే వలయంలో) ఆరు పై-ఎలక్ట్రాన్లు పూర్తి కావాలన్న హకెల్ నియమాన్ని గుర్తుంచుకుని లెక్క మొదలుపెట్టండి.

పిరిడీన్‌లో ఐదు కార్బన్లు, ఒక నైట్రోజన్, మూడు ద్విబంధాలు ఉన్నాయి. ద్విబంధాల నుంచే ఆరు ఎలక్ట్రాన్లు సమకూరాయి. నైట్రోజన్ తన వంతుగా ఇవ్వవలసిన ఒక ఎలక్ట్రాన్ ఆ లెక్కలోనే ఇచ్చేసింది. కనుక దాని ఒంటరి జంట వలయం తలంలోనే, వలయానికి వెలుపలి వైపు చూస్తూ, ఏ పనీ లేకుండా మిగిలింది. పిర్రోల్‌లో పరిస్థితి వేరు. అక్కడ రెండే ద్విబంధాలు, అంటే నాలుగే ఎలక్ట్రాన్లు. లోటుగా ఉన్న రెండింటిని నైట్రోజన్ తన ఒంటరి జంటతో పూడుస్తుంది కాబట్టి బయటివారికి ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ మిగలదు. ఫ్యూరాన్‌లోని ఆక్సిజన్‌కు, థయోఫీన్‌లోని సల్ఫర్‌కు రెండేసి జంటలు ఉన్నాయి. వాటిలో ఒకటి వలయంలో చేరుతుంది, రెండోది బయట ఉండిపోతుంది.

దీనికి సులువైన గుర్తు ఒకటి ఉంది. ఆరోమాటిక్ వలయంలోని నైట్రోజన్ గీసిన బొమ్మలో ద్విబంధంలో భాగమైతే దాని జంట బయట ఉంటుంది. దానికి మూడూ ఏకబంధాలే అయితే జంట లోపల ఉంటుంది. ఇది ఊహాగానం కాదు, కొలిచి చూడదగిన విషయం. పిరిడీన్ ద్విధ్రువ భ్రామకం (ధన, రుణ కొనలు ఎంతగా విడిపోయాయో చెప్పే కొలత) సుమారు 2.2 డిబైలు, దాని రుణ కొన నైట్రోజన్ వైపు ఉంటుంది. పిర్రోల్‌ది సుమారు 1.8 డిబైలు, కాని దిశ తలకిందులుగా ఉంటుంది. నైట్రోజన్ రుణవిద్యుదాత్మకత కార్బన్ కన్నా ఎక్కువే అయినా, తన జంటను వలయానికి ధారపోయడం వల్ల అది ధన కొనగా మారుతుంది.

3. క్షార బలాన్ని అంచనా వేయండి

ఖాళీగా ఉన్న జంటే ప్రోటాన్‌ను పట్టుకోగలదు. మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి: సంయుగ్మ ఆమ్లం (ప్రోటాన్ చేరిన రూపం) పీకేఏ విలువ, అంటే ఎంత ఎక్కువైతే క్షారం అంత బలమైనదని చెప్పే అంకె, పిపరిడీన్‌కు సుమారు 11, పిరిడీన్‌కు 5.2, పిర్రోల్‌కు సుమారు మైనస్ 3.8. పిపరిడీన్‌లోను, పిరిడీన్‌లోను జంట ఖాళీగానే ఉన్నా, పిరిడీన్ జంట ఎస్‌పీ2 ఆర్బిటాల్‌లో కేంద్రకానికి దగ్గరగా ఉండటంతో అంత సులభంగా చేయి చాచదు. పిర్రోల్ ప్రోటాన్‌ను తీసుకుంటే తన ఆరోమాటికతనే పోగొట్టుకోవాలి. అలా తీసుకున్నప్పుడు కూడా ప్రోటాన్ చేరేది నైట్రోజన్ మీద కాదు, పక్కనున్న 2వ కార్బన్ మీద. పిర్రోల్ పీకేఏ సుమారు 17 అని కూడా పుస్తకాల్లో కనబడుతుంది. అది నైట్రోజన్ మీది హైడ్రోజన్‌ను వదులుకునే ఆమ్ల బలానికి సంబంధించిన అంకె. ఈ రెండింటినీ కలగాపులగం చేసి పరీక్షల్లో మార్కులు పోగొట్టుకునేవారు తక్కువేమీ కాదు.

ఇమిడజోల్‌లో రెండు రకాల నైట్రోజన్లూ ఒకే వలయంలో ఉన్నాయి. ఒకటి పిర్రోల్ తరహాది, రెండోది పిరిడీన్ తరహాది. ప్రోటాన్ రెండోదాని మీద చేరినప్పుడు ధనావేశం రెండు నైట్రోజన్ల మధ్య సమంగా పంచుకోబడుతుంది కనుక దీని పీకేఏ సుమారు 7కు చేరింది. రక్తం పీహెచ్ 7.4కు దగ్గరగా ఉన్న ఈ విలువ వల్లనే హిస్టిడీన్ అనే అమైనో ఆమ్లం ఎన్నో ఎంజైముల్లో ప్రోటాన్‌ను ఒక చేత్తో తీసుకుని మరో చేత్తో అందించే పని చేయగలుగుతోంది.

ఈ మెట్టుకు అందరూ చూసిన ఉదాహరణ పొగాకు. నికోటిన్‌లో రెండు వలయాలు ఉన్నాయి: ఒకటి పిరిడీన్, రెండోది ద్విబంధాలు లేని పిర్రోలిడీన్. పైన చెప్పిన పద్ధతి ప్రకారం ప్రోటాన్‌ను ముందుగా పట్టుకోవలసింది పిర్రోలిడీన్ నైట్రోజనే. కొలతలూ అదే చెబుతున్నాయి. దాని పీకేఏ సుమారు 8, పిరిడీన్ నైట్రోజన్‌ది సుమారు 3. అంటే పీహెచ్ 8 దగ్గర నికోటిన్‌లో సగం ఆవేశంతోను, సగం ఆవేశం లేకుండాను ఉంటుంది. పీహెచ్ 6 దగ్గర ఆవేశం లేనిది నూటికి ఒక వంతే. 9 దగ్గర అది తొంభై వంతులు అవుతుంది. నోటి లోపలి పొరను సులభంగా దాటేది ఆవేశం లేని రూపమే. అరచేతిలో పొగాకు పోసి, కాస్త సున్నం వేసి బొటనవేలితో నలిపే మనిషికి ఈ లెక్క తెలియకపోవచ్చు గాని, సున్నం లేకపోతే మత్తు ఎక్కదన్న సంగతి మాత్రం బాగా తెలుసు.

4. దాడి ఎవరిది, ఎక్కడ?

పిర్రోల్, ఫ్యూరాన్, థయోఫీన్‌లలో ఆరు పై-ఎలక్ట్రాన్లను ఐదు పరమాణువులే పంచుకుంటున్నాయి. వలయంలో ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉండటం వల్ల ఎలక్ట్రాన్ల కోసం వెతికే కారకాలైన ఎలక్ట్రోఫైల్‌లు వాటి మీదికి సులువుగా వస్తాయి. దాడి ఎక్కువగా 2వ స్థానంలో జరుగుతుంది, ఎందుకంటే అక్కడ చేరినప్పుడు ధనావేశాన్ని మూడు రెజొనెన్స్ రూపాల్లో సర్దవచ్చు. 3వ స్థానంలో రెండే రూపాలు దొరుకుతాయి. చురుకుదనంలో పిర్రోల్ ముందు, తరువాత ఫ్యూరాన్, ఆ తరువాత థయోఫీన్, చివర బెంజీన్ వస్తాయి. ఆరోమాటిక్ స్థిరత్వం వరుస మాత్రం దీనికి సరిగ్గా తలకిందులు కాదు. ఈ మూడు వలయాలలో ఫ్యూరాన్ అందరికన్నా అస్థిరం. అందుకే అది మలేయిక్ ఎన్‌హైడ్రైడ్‌తో మామూలు డయీన్‌లాగా డీల్స్-ఆల్డర్ చర్యలో పాల్గొంటుంది, థయోఫీన్ అంత తేలిగ్గా లొంగదు. పిర్రోల్‌ను, ఫ్యూరాన్‌ను బలమైన ఆమ్లంలో వేస్తే అవి పాలిమర్‌గా మారి జిగురుగా తయారవుతాయి కనుక, పిర్రోల్‌కు నైట్రో సమూహం చేర్చాలంటే చల్లని స్థితిలో ఎసిటైల్ నైట్రేట్ వంటి మెత్తని కారకాన్ని వాడాలి.

థయోఫీన్ దొరికిన కథ ఈ తేడాలకే సాక్ష్యం. బెంజీన్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సమక్షంలో ఇసాటిన్‌తో కలిపితే నీలి రంగు రావడం ఆ రోజుల్లో బెంజీన్‌కు పరీక్షగా చెలామణి అయ్యేది. 1882లో జర్మన్ రసాయనవేత్త విక్టర్ మేయర్ తరగతిలో బెంజోయిక్ ఆమ్లం నుంచి తీసిన స్వచ్ఛమైన బెంజీన్‌తో ఆ ప్రయోగం చేసి చూపబోతే రంగు రాలేదు. రంగు ఇస్తున్నది బెంజీన్ కాదని, బొగ్గు తారు నుంచి తీసిన బెంజీన్‌లో కలిసి ఉన్న మరో పదార్థమని ఆయన నిర్ధారించి, దానిని వేరు చేశాడు. బెంజీన్ 80 డిగ్రీల వద్ద, థయోఫీన్ 84 డిగ్రీల వద్ద మరుగుతాయి కనుక స్వేదనం చేసినవారికి ఈ దొంగ అంతవరకు దొరకలేదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కుదిపితే మాత్రం థయోఫీన్ బెంజీన్ కన్నా చాలా ముందుగా సల్ఫోనేట్ అయి ఆమ్లంలోకి వెళ్లిపోతుంది.

పిరిడీన్ దగ్గర లెక్క తిరగబడుతుంది. నైట్రోజన్ వలయంలోని ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కుంటుంది. పైగా నైట్రేషన్ మిశ్రమంలో వేయగానే ముందు ప్రోటాన్‌ను పట్టుకుని వలయాన్ని ధనావేశంతో నింపుతుంది. సుమారు 300 డిగ్రీలకు వేడిచేసినా 3వ స్థానంలో నైట్రో సమూహం చేరిన పదార్థం కొద్దిగానే వస్తుంది. న్యూక్లియోఫైల్‌లకు మాత్రం 2, 4 స్థానాలు తలుపులు తెరిచి ఉంచినట్టే, ఎందుకంటే అక్కడ చేరిన రుణావేశం నైట్రోజన్ మీదికి వెళ్లి కుదురుకోగలదు. 1914లో రష్యన్ రసాయనవేత్త చిచిబాబిన్ సోడియం ఎమైడ్‌తో పిరిడీన్‌ను వేడిచేసి 2-అమైనోపిరిడీన్‌ను నేరుగా పొందాడు. 4వ స్థానంలోనే నైట్రో సమూహం కావాలంటే ముందు నైట్రోజన్‌ను ఆక్సీకరించి ఎన్-ఆక్సైడ్ చేయాలి. ఆ ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను వలయంలోకి తోస్తుంది. పని పూర్తయ్యాక ఆక్సిజన్‌ను తీసేయవచ్చు.

బెంజీన్‌తో అతుక్కున్న వలయాలకూ ఇదే తర్కం వర్తిస్తుంది. క్వినోలిన్‌లో ఎలక్ట్రోఫైల్ నైట్రోజన్ ఉన్న వలయాన్ని వదిలి బెంజీన్ వైపు 5, 8 స్థానాలకు పోతుంది. ఇండోల్‌లో అది 3వ స్థానానికి వస్తుంది, ఎందుకంటే అలా అయితేనే పక్కనున్న బెంజీన్ వలయం చెదరదు.

5. హైడ్రోజన్ స్థానాన్ని, పక్కనున్న సమూహాలను మళ్లీ చూడండి

కాగితం మీద హైడ్రాక్సీ సమూహంగా గీసినది నిజంగా అలాగే ఉంటుందని నమ్మకూడదు. 2-హైడ్రాక్సీపిరిడీన్ నీటిలో ఎక్కువగా 2-పిరిడోన్ రూపంలో, హైడ్రోజన్ నైట్రోజన్ మీదికి మారి ఉంటుంది. డీఎన్ఏ నిర్మాణాన్ని వెతుకుతున్న వాట్సన్ కూడా గ్వానీన్, థైమీన్‌లను తప్పు రూపంలో గీస్తూ వచ్చాడు. అవి కీటో రూపంలో ఉంటాయని 1953లో జెర్రీ డోనహ్యూ చెప్పిన తరువాతనే క్షారాల జతలు సరిగా అమరాయి.

చిన్న మార్పు ఎంత దూరం పోతుందో ఫోలిక్ ఆమ్లాన్ని చూస్తే తెలుస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1940లలో దీనిని కృత్రిమంగా తయారుచేసింది. దాని టెరిడీన్ వలయంలో 4వ స్థానంలోని ఆక్సిజన్ బదులు అమైనో సమూహం పెట్టి, మరొక నైట్రోజన్‌కు మిథైల్ తగిలిస్తే మెథోట్రెక్సేట్ వస్తుంది. అమైనో సమూహం ఎలక్ట్రాన్లను అందించడంతో వలయం క్షార బలం పెరిగి, ప్రోటాన్‌తో కూడిన రూపంలో ఎంజైములోకి దిగి గట్టిగా పట్టుకుంటుంది. విటమిన్ కాస్తా క్యాన్సర్ మందుగా మారింది.

ఇక మిరియాన్ని తీసుకుని సొంతంగా ప్రయత్నించండి. పిపరిడీన్‌కు ఆ పేరు మిరియం లాటిన్ పేరైన పైపర్ నుంచే వచ్చింది. మిరియపు ఘాటుకు కారణమైన పిపరిన్‌లో ఈ ఆరు పరమాణువుల వలయం ఉంది. ద్విబంధాలు లేని వలయం కనుక మూడో మెట్టు ప్రకారం బలమైన క్షారం కావాలి. కాని ఆ నైట్రోజన్ పక్కనే కార్బొనైల్ సమూహం ఉంది, ఒంటరి జంట అటువైపు పంచుకోబడి ఎమైడ్‌గా మారింది. అందుకే పిపరిన్‌కు క్షార గుణం దాదాపు లేదు. క్షారంలో మరిగించి ఆ బంధాన్ని తెంచితే పిపరిక్ ఆమ్లం లవణంగా ఒకవైపు, పిపరిడీన్ మరొకవైపు విడిపోతాయి. అప్పుడు నైట్రోజన్ జంట మళ్లీ ఖాళీ అయి, పీకేఏ సుమారు 11 అన్న లెక్క నిలబడుతుంది.